కొప్పెన్ పట్టిక గారికి, కడప గడప మీది నుంచి

ఎండనూ వాననూ బట్టి ప్రపంచంలోని ఊళ్లకు అక్షరాల గుర్తులు తగిలించే మహారాజశ్రీ కొప్పెన్ వాతావరణ వర్గీకరణ పట్టిక గారి దివ్య సముఖానికి,

కడప, కర్నూలు, అనంతపురం ఎండల్లో కాగుతున్న జనం రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. అంటే తమరు పుస్తకంలో నీడపట్టున ఉన్నారు కాబట్టి కుశలమే. మా సంగతి కింద మనవి చేస్తాం.

తమరిని కన్న వ్లదిమిర్ కొప్పెన్ గారు 1846లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. 1884లో మొదలుపెట్టి 1936 దాకా తమరిని దిద్దుతూనే ఉన్నారు. పెద్ద మనిషి, పని దొడ్డది, కాదనం. కానీ పొడి ప్రాంతాల్లో ఏది వేడి ఊరో తేల్చడానికి తమరు పెట్టుకున్న గీత ఏది? ఏడాది సగటు 18 డిగ్రీలు. అది దాటితే చాలు, పక్కన చిన్న హెచ్ అక్షరం తగిలిస్తారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకుని ముగ్గేసే చలి సామీ అది! 18కి పైన తమరి దగ్గర ఇంకో మెట్టే లేదు. 19 డిగ్రీల సగటున్న ఊరికీ, 28 దాటిన మా ఊళ్లకూ ఒకటే అక్షరం, ఒకటే మర్యాద. తమరి తర్వాత వచ్చిన అమెరికా భూగోళ శాస్త్రవేత్త ట్రెవార్తా గారు నయం, నెల సగటు 28 దాటితే 'చాలా వేడి', 35 దాటితే 'తీవ్రమైన వేడి' అని వేరే అరలు పెట్టారు.

సరే, అసలు తగువు వేడి గురించి కాదు. మా ఊళ్లలో ఎండాకాలం రచ్చబండ మీద ఏటా నడిచే వాదం ఒకటుంది. అనంతపురం ఎడారా కాదా, కడప కూడా అదే జాతేనా అని. ఒకాయన "జైసల్మేర్ తర్వాత మనమే" అంటాడు. ఇంకొకాయన ఫోను తీసి తమరి అక్షరాలు చూపిస్తాడు. తమరి లెక్క ఎలా వేస్తారో మాత్రం ఇద్దరూ చూడరు. కాబట్టి మేమే విప్పుతున్నాం.

ఏడాది సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పడే వాన మొత్తంలో 70 శాతమో అంతకు మించో ఉంటే దానికి 280 కలపాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా పడేదే 70 శాతం ఉంటే ఏమీ కలపక్కర్లేదు. రెండూ కాకుండా మధ్యలో ఉంటే 140. వచ్చిన అంకె తమరి గడప. ఊరి వాన మిల్లీమీటర్లలో అంతకు తక్కువైతే పొడి ఊరు. గడపలో సగానికి కూడా రాకపోతే ఎడారి. సగానికీ గడపకూ నడుమ ఉంటే అర్ధశుష్కం, అంటే తమరి బీఎస్‌హెచ్.

అనంతపురం వేసి చూద్దాం. సగటు 28 అనుకుంటే 560. దానికి 280 కలిపితే 840, 140 కలిపితే 700. వాన సుమారు 550. గడప దాటదు, అలాగని సగానికీ దిగదు. ఎడారి కావాలంటే 420కి లోపల పడాలి. రచ్చబండ ఎడారి వాదం అక్కడితో సరి. కానీ నాగపూర్‌లో నేలల సర్వే వాళ్లు గీసిన పటంలో అనంతపురాన్ని 'వేడి శుష్క' మండలంలో వేశారు. వాళ్లు చూసింది ఏడాదిలో ఎన్ని రోజులు నేలలో పైరుకు సరిపడా తేమ ఉంటుందని. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు ఎర్రనేల గట్టిపడితే, ఏడాది మొత్తం 550 పడిందన్న లెక్క కాయకు ఏం చేస్తుంది? తమరికి నేల పట్టదు. నల్లరేగడి మీద పడినా, జానెడు ఎర్రమట్టి మీద పడినా తమరికి 550 అంటే 550.

ఇక కర్నూలు, కడప. కర్నూలు జిల్లా వాన సుమారు 670, కడపది 700. తేడా ముప్ఫై. అయితే కర్నూలు వాన ఎక్కువగా నైరుతిది కాబట్టి 70 శాతం దాటుతుంది, 280 మోత పడుతుంది. గడప ఎక్కడో 840 దగ్గర. కడపకు అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం వాయుగుండాల వాన గట్టిగా ఉంటుంది, అందుకని 70కి కాస్త ఇటే ఆగుతుంది. దానికి 140 చాలంటారు. వానలో తేడా 30, గడప ఎత్తులో తేడా 140! తమరి వాదన ఏమంటే ఎండాకాలపు వాన తొందరగా ఆవిరైపోతుంది, చలికాలపు వాన నిలుస్తుంది అని. బాగానే ఉంది. కానీ అక్టోబరులో కడపలో ఫ్యాను కట్టేసిన ఇల్లు ఒకటి చూపించండి.

కడప సగటు 28 వేస్తే గడప 700. 29 వేస్తే 720. వాన 710 అని ఎవరైనా రాసుకున్నాడనుకోండి, 28 డిగ్రీలైతే కడప తడి ఊరు, 'ఉష్ణమండల సవన్నా', అంటే గడ్డిమైదానాల వాతావరణం. 29 అయితే అర్ధశుష్కం. (సవన్నాకు కావాల్సిన సింహాలు మాకు ఫ్లెక్సీల మీద దండిగా ఉన్నాయి, ఆ లోటు లేదు.) ఊరి పేరులోనే గడప ఉందని వెంకన్న భక్తులు ఎప్పుడో చెప్పారు. తమరు దాన్ని నిజంగానే గడప మీద కూర్చోబెట్టారు. సందెవేళ గడప మీద కూర్చుంటే పెద్దలు తిడతారు, ఆ మాత్రం ఎరుక ఉండొద్దూ?

ఆ ఒక్క డిగ్రీ ఎక్కడ తప్పుతుందో చెప్తాం. థర్మామీటర్లు ఉండేది తెల్ల రంగేసిన చెక్కపెట్టెలో, చుట్టూ గాలి ఆడే రెక్కలతో, గడ్డినేలకు నాలుగడుగుల ఎత్తున, తలుపు ఉత్తరం వైపు. రంగు పెచ్చులూడినా, గడ్డి ఎండి చుట్టూ బండలు పరిచినా రీడింగు పైకి జరుగుతుంది. పైగా గరిష్ఠాన్నీ కనిష్ఠాన్నీ కలిపి రెండుతో భాగిస్తే ఒక సగటు, గంటగంటకూ చూసి 24తో భాగిస్తే ఇంకొకటి. పట్నం ఎండకు జిల్లా వానను జోడించి లెక్క తేల్చే మహానుభావులు వేరే. అందుకే ఒకడు 1961–90 సగటుతో, ఇంకొకడు 1991–2020 సగటుతో వాదానికి దిగితే ఇద్దరూ గెలుస్తారు.

వడగాడ్పు గురించి తమరినేం అనం, అది మన వాతావరణ శాఖ వారి గీత. మైదానాల్లో 40 దాటి, మామూలుకన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా నేరుగా 45 కొట్టాలి. కర్నూలు మే నెలలో మామూలే 40 అనుకుంటే, 44 వచ్చినా అది వడగాడ్పు కాదు, మామూలు మధ్యాహ్నం.

మా కోరిక చిన్నది. ఊరిపేరు పక్కన అక్షరాలు రాసేవాళ్లు ఏ కేంద్రం రీడింగు, ఏ ముప్ఫై ఏళ్లు, 280 కలిపారా 140 కలిపారా అన్నది కూడా రాయాలి.

ఇట్లు,
గడపకు ఇటూ అటూ ఉన్న మూడూళ్లవాళ్లు

తా.క.: మన దగ్గర వాన కొలిచేది పొద్దున ఎనిమిదిన్నరకు, ముందురోజు పడింది కూడా ఆ తేదీ కిందే రాస్తారు. అంటే సెప్టెంబరు 30 సాయంత్రం ఉరుములతో కురిసిన వాన అక్టోబరు 1 ఖాతాలోకి ఎక్కుతుంది. తమరి లెక్కలో అది చలికాలపు వాన.