ఉప్పునీటికి జరిగిన అన్యాయం

మోకాళ్లలో గుజ్జు అరిగినవాళ్లకు ఏ సూది మంచిదన్న చర్చలో ఒక అభ్యర్థి పేరు ఎవరూ ఎత్తడం లేదు. అందుకే, పరీక్షల్లో పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి మందుగా ఎక్కించే, సెలైన్ అనబడే ఉప్పునీటి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ప్రత్యర్థుల్లో పెద్దాయన స్టెరాయిడ్. కొన్ని వారాలు హాయినిస్తాడు, కాదనను. కానీ 140 మందిలో రెండేళ్లపాటు మూణ్ణెల్లకోసారి సగంమందికి ఆయన్ని, సగంమందికి ఉప్పునీటిని ఎక్కించిన అమెరికా పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎముకల చివర మెత్తలా ఉండే కార్టిలేజ్ మాత్రం పెద్దాయన జట్టులోనే ఎక్కువ అరిగింది.

తర్వాత హయలురానిక్ ఆమ్లం, అదే మన గుజ్జు ఇంజెక్షన్. ఇందులో కొన్ని రకాలను కోడి తురాయి నుంచి తీస్తారు. సంక్రాంతి బరిలో ఓడిన పుంజుకు కూరయోగమే తప్ప ఇంత వైద్యయోగం ఉందని భీమవరంలో ఎవరైనా ఊహించారా! 2022లో పరిశోధకులు పాత పరీక్షలన్నీ పోగేసి లెక్క కట్టారు. వాటిలో పెద్దవాటిని చూస్తే, 100 మిల్లీమీటర్ల నొప్పి కొలబద్ద మీద ఉత్తుత్తి సూదికన్నా గుజ్జు సూది తగ్గించింది 2 మిల్లీమీటర్లు. రోగికి తేడా తెలియాలంటే 9 కావాలన్నది వాళ్ల లెక్క. బిల్లులో తేడా తెలియడానికి కొలబద్ద అక్కర్లేదు.

పీఆర్‌పీలో మన రక్తాన్నే తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు వేరుచేసి మనకే అమ్ముతారు. చిన్న చిన్న పరీక్షల్లో అది గెలిచిన మాట నిజం. 288 మందితో ఆస్ట్రేలియాలో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో మాత్రం, ఏడాది గడిచాక ఉప్పునీటితో సమానంగా నిలిచింది. మూలకణాల (స్టెమ్ సెల్స్) సూదులు 2023లో వెలువడిన పరీక్షలో స్టెరాయిడ్‌నే దాటలేకపోయాయి. మా కక్షిదారు దాకా రానేలేదు.

ఇన్ని బరుల్లో నిలబడ్డా ఉప్పునీటికి హోర్డింగ్ లేదు, ప్యాకేజీ లేదు. నీరసానికి, జ్వరానికి, ఒక్కోసారి కోడలి అలక్కి కూడా ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకునే జాతి మనది. మోకాలి దగ్గరకొచ్చేసరికి దాన్ని చిన్నచూపు చూస్తాం. లోపమల్లా ధరలో ఉంది. సీసాకు బంగారు రంగు మూత బిగించి, ‘అడ్వాన్స్‌డ్ అయానిక్ జాయింట్ థెరపీ’ అని పేరుపెట్టి, ఈఎంఐ సౌకర్యం కల్పిస్తే ఆత్మగౌరవం అదే వస్తుంది.

ఇంతలో ఫిజియోథెరపీ కూడా అర్జీ పెట్టుకుంది. అమెరికా సైనిక ఆసుపత్రుల్లో 156 మందితో చేసిన పరీక్షలో ఏడాది చివరికి స్టెరాయిడ్‌ను ఓడించానని 2020 నాటి కాగితం జతచేసింది. పరిశీలించి తిరస్కరించాం. దానికి సూది లేదు. పైగా రోగే కష్టపడాలట.