ఆదరణ కూడికలో ట్రాక్ వద్దు, అందరం కలిసి పాడదాం

పరాయి దేశంలో మనవాళ్ళ ఇంట ఎవరైనా పోతే, ఆదరణ కూడికలో పాటల బాధ్యత చాలాసార్లు ఒక్కరి మీదే పడుతుంది. బాగా పాడేవారి చేతికి మైకు, వెనక ఫోనులోంచి ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం. ఈ అలవాటు మార్చుకోవాలని మా గట్టి అభిప్రాయం. ఒక్కరు ఎంత చక్కగా పాడినా మిగతావాళ్ళం వినేవాళ్ళమే. పదిమందీ అందుకుంటే, దుఃఖంతో నోరు పెగలని కుటుంబం తరఫున కూడా ఆ ప్రార్థన సాగుతుంది. నమ్మకం సడలిన రోజున మనిషికి పక్కవాడి నమ్మకమే ఊత.

మనకున్నది చిన్న క్వయరే (గాయక బృందమే) అయినా ఇది సాధ్యమే. ముందు శ్రుతి చూసుకోవాలి. రికార్డింగులోది ఆ గాయకుడి గొంతుకు కుదిరిన శ్రుతి, సంఘానికి కాదు. పాటలోని అన్నిటికన్నా పై స్వరం ఆడవాళ్ళకు మిడిల్ సి (కీబోర్డు నడిమి సి స్వరం) పైనున్న సి దగ్గర, మహా అయితే డి దగ్గర ఆగాలి. మగవాళ్ళకు దాని కింది స్థాయి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ రెండు మూడు మెట్లు దించితే చాలా పాటలు దారికొస్తాయి. ఏడ్చిన గొంతు పైకి లేవదు. అలాగని మరీ దించితే కింది స్వరాలు ఎవరికీ వినపడవు.

తర్వాత ఊపిరి. పంక్తి చివర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట అక్కడ తెగుతుంది. పక్కపక్కన నిలబడ్డవాళ్ళు వేరువేరు చోట్ల తీసుకోవాలని ముందే అనుకోండి. సాగే అచ్చు మధ్యలో గొంతు మెల్లగా తగ్గించి ఆగాలి, ఊపిరి పీల్చుకుని అంతే మెల్లగా కలవాలి. హల్లు మీద కలిస్తే ఆ అక్షరం రెండుసార్లు వినిపిస్తుంది. ఈ పద్ధతికి ఇంకో మేలుంది. పాడేవాళ్ళూ పోయినవారిని ఎరిగినవాళ్ళే కదా. ఒకరికి దుఃఖం పొంగి ఆగిపోయినా పాట ఆగదు.

వాద్యం లేకుండా పాడితే శ్రుతి జారుతుంది. దిగే స్వరాల దగ్గర, ఒకే స్వరం వరసగా పలికేచోట, గాంధారం (గ) దగ్గర ఎక్కువగా జారుతుంది. దుఃఖ సమయమని పాటను సాగదీయడం వల్ల ఊపిరి చాలక ఇంకా జారుతుంది. పాట వేగం కాస్త పెంచండి, నిలబడి పాడండి.

నాలుగు పార్టుల, అంటే నాలుగు రకాల గొంతులు ఒకేసారి వేరువేరు వరసలు పాడే పద్ధతి సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పైన రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాసినవి రాగం పట్టుకుని నడిచే పాటలు. మధ్యమావతి రాగాన్నే తీసుకోండి. అందులో గాంధారం, ధైవతం లేవు. కీబోర్డు మీద స-గ-ప కార్డు (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) నొక్కగానే రాగంలో లేని స్వరం వచ్చి పడుతుంది. మోహనలో ఆ కార్డు సరిపోతుంది గానీ మధ్యమం మీద కట్టే కార్డు నప్పదు. శంకరాభరణానివి మేజర్ స్కేలు స్వరాలే కనుక కొంత వీలుంటుంది. మిగతా వాటికి అందరూ ఒకే వరస పాడుతుంటే, బేస్ గొంతులు (మగవాళ్ళ కింది గొంతులు) షడ్జమం (స), పంచమం (ప) పట్టి నిలబెడితే చాలు. పాశ్చాత్య బాణీలకు తెలుగు చేసిన పాటలకే సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ళ పై, కింది గొంతులు), టెనర్, బేస్ (మగవాళ్ళ పై, కింది గొంతులు) ఉంచుకోండి. అదీ పార్టుకు ఇద్దరైనా ఉంటేనే. టెనర్ ఒక్కరే ఉంటే, ఆయన దగ్గినప్పుడల్లా ఒక పార్టు మాయమవుతుంది.

ఆదరణ మాటను అందరి నోటా పలికించినదానికి ఒక ఉదాహరణ చూడండి. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తల్లి 1865లో పోయింది. ఆయన జర్మన్ రెక్వియమ్‌ను (రెక్వియమ్ అంటే పోయినవారి స్మరణలో పాడే సంగీత రచన) 1868 గుడ్ ఫ్రైడే నాడు బ్రెమెన్‌లో పాడారు. చనిపోయినవారి కోసం వేడుకోలుతో కాక, దుఃఖపడువారు ధన్యులన్న మత్తయి 5:4తో అది మొదలవుతుంది. ఆ మొదటి భాగంలో వయొలిన్లు అసలు మోగవు. బ్రెమెన్‌లో పాడిన తర్వాత చేర్చిన ఐదో భాగంలో సొప్రానో ఒక్కతే ముందుండి పాడుతుంది. కానీ తల్లి ఆదరించినట్లు ఆదరిస్తానన్న యెషయా 66:13 మాటలను బ్రామ్స్ ఆమెకివ్వలేదు, క్వయర్‌కిచ్చాడు. మన ఆదరణ కూడికలకు ఇంతకన్నా తగిన వాక్యం లేదు. మీ ఊరి కమ్యూనిటీ క్వయర్ ఈ రెక్వియమ్‌ను ఎత్తుకుంటే వెళ్ళి చేరండి. ఆడిషన్ లేకుండా చేర్చుకునేవి చాలానే ఉన్నాయి.

కూడికకు మూడు పాటలు చాలు, ఒక్కోదానికి మూడు చరణాలు. ఏ చరణాలో కుటుంబాన్ని అడగండి. మాటలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం పక్కనే రోమన్ లిపిలోనూ ఇవ్వండి. కుటుంబాన్ని లేచి నిలబడమనవద్దు. క్వయర్‌ను వాళ్ళ ఎదురుగా కాక వెనక వరసల్లో నిలబెట్టండి.