ఆటల బీరువా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆటల బీరువా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. రెండు తాళాలు, వాటికి అడ్డంగా ఒక విరిగిన బల్ల కాపలా ఉండగా మీ క్షేమం వేరే అడగనక్కరలేదు.

మీరు నన్ను గుర్తుపట్టరు. గుంటూరుకు గంట దూరంలో ఉన్న మన ఊరి ఉన్నత పాఠశాలలోనే నేను పదో తరగతి దాకా చదివాను. అయిదేళ్లలో మీ తలుపు తెరిచి ఉండగా చూసింది రెండుసార్లు. ఒకసారి తనిఖీకి, ఇంకోసారి లోపల ఎలుక చచ్చినప్పుడు. ఇప్పుడు మా అమ్మాయి అక్కడే తొమ్మిదో తరగతి. మీ తలుపు మీద కరణం మల్లీశ్వరి బొమ్మ అతికించారని చెప్పింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన మనిషి. ఆ బొమ్మ వెనకే, మీ కింది అరలో, మూడు కిలోల ఇనుప గుండు, అదే షాట్‌పుట్, ఎత్తే దిక్కు లేక పడి ఉంది.

తప్పు మీదొక్కరిదే అనను. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఉన్నత పాఠశాలకు ఆటల సామాను కోసం ఏటా 25,000 రూపాయల దాకా ఇవ్వవచ్చు. కొన్న ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరుకు ఎక్కుతుంది. బంతి చిరిగితే ఎందుకు చిరిగిందో రాయాలి, పోతే ఎవరి చేతిలో పోయిందో రాయాలి. జీతంలోంచి రికవరీ అంటారేమోనని డ్రిల్లు మాస్టారి భయం. ఆడితే అరుగుతుంది, దాస్తే అరగదు. ఆయనా పిల్లలున్నవాడే పాపం, దాచారు. ఎనిమిదో తరగతి దాకా ప్రతి తరగతికీ అవసరం మేరకు ఆట సామాను ఇవ్వాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం అంటుంది. అవసరం తేల్చేది మీరు కనుక అది ఇంతవరకు రాలేదు.

మీ సామాను ఎండ చూసేది ఆగస్టు 29న. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. గాలి లేని వాలీబాల్‌ను సొట్ట కనబడకుండా తిప్పి బల్ల మీద పెడతారు, ఫొటో తీస్తారు, లెక్కపెట్టి లోపలికి తోస్తారు. ఇక మైదానం అంటారా, మాఘం వచ్చిందంటే అది మిరపకాయల కల్లం. పరుగు పందెంలో గెలిచినవాడూ ఓడినవాడూ సమానంగా ఏడుస్తారు.

గుండు మీ దగ్గర ఉండిపోయింది కాబట్టి మా అమ్మాయి, వాళ్ల నానమ్మ రుబ్బురోలు పొత్రం తీసుకుంది. రోజూ సాయంత్రం పెరట్లో బాదం చెట్టు దగ్గర నిలబడి, దాన్ని మెడకు ఆనించి, ఊపిరి బిగబట్టి విసిరేది. మొదటి వారం ప్రహరీ గోడ పెచ్చు లేచింది. రెండో వారం తులసికోట అంచు పోయింది. మా అమ్మ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఆశ్చర్యం.

మండల పోటీల్లో అసలు గుండు చేతికి వచ్చేసరికి, ఇంత తేలికా అన్నట్టు నా వైపు చూసి నవ్వింది. విసిరింది. అందరికంటే దూరంగా పడింది. ఆ సంతోషంలో ఎదురుగా దూకి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఎర్ర జెండా లేచింది. వలయంలో వెనక సగం నుంచే బయటికి రావాలట. అడ్డకొలత 2.135 మీటర్లుండే ఆ వలయంలో పిల్ల అంతకుముందు కాలు పెట్టి ఎరగదు. మా పెరట్లో వెనకా లేదు, ముందూ లేదు, చెట్టు ఉంది. మిగిలిన రెండు విసుర్లూ కాళ్లు చూసుకుంటూనే అయిపోయాయి. నిబంధనల పుస్తకం మీ పై అరలోనే ఉందని తరవాత తెలిసింది, అట్ట నలగకుండా.

కనుక ఒక బేరం. దసరా సెలవులకు ఆ గుండు మా ఇంటికి పంపించండి. హామీగా పొత్రాన్ని మీ కింది అరలో ఉంచుతాను. బరువు ఎక్కువే కాబట్టి రిజిస్టరుకు నష్టం లేదు. తనిఖీకి వచ్చినవారికీ గుండ్రంగానే కనిపిస్తుంది. కాకపోతే అట్లతద్దికి ముందు రోజు తిరిగి ఇచ్చేయాలి. పిండి రుబ్బాలంటోంది మా అమ్మ.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థి,
ప్రస్తుతం ప్రహరీకి సిమెంటు పూయించుకుంటున్న ఒక తండ్రి