దగ్గు కూడా ఎమెనిటీలో భాగమే

మా గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో మొన్న కమిటీవారు ఒక సర్క్యులర్ పెట్టారు. "ఇండోర్ పూల్‌లో ఘాటైన క్లోరిన్ వాసన వస్తోందని కొందరు సభ్యులు ఆందోళన చెందుతున్నారు. ఆ వాసన మన నీటి పరిశుభ్రతకు నిదర్శనమని మనవి." కింద వరసగా నమస్కారాలు, చప్పట్లు. "ప్రౌడ్ ఆఫ్ అవర్ కమిటీ" అని ఒకాయన. ఆయన పూల్ గుమ్మం తొక్కగా చూసినవాళ్లు మా ఐదు బ్లాకుల్లో ఎవరూ లేరు.

వాసనే పరిశుభ్రతకు కొలత అయితే మరి మూసీ ఏం పాపం చేసింది? రేపే బిందెలు పట్టుకెళ్లి అభిషేకానికి నీళ్లు తెచ్చుకుందాం.

సరే, కమిటీ మీద గౌరవంతోనే ఒక చిన్న విషయం. శుభ్రంగా ఉన్న పూల్‌కి అంత వాసన రాదు. నీళ్లలో వాళ్లు క్లోరిన్ వేస్తారు. మనం చెమట, తలనూనె, పౌడరు, ఇంకా పైకి చెప్పుకోని ఇంకొకటి వేస్తాం. ఈ రెండూ కలిస్తే క్లోరమిన్లు పుడతాయి. వాటిలో ట్రైక్లోరమిన్ అనేది నీళ్లలో నిలవదు, గాల్లోకి లేస్తుంది. లేచింది పైకి పోతుందా అంటే అదీ లేదు. గాలికన్నా బరువు కాబట్టి నీటి మీదే, సరిగ్గా ఈదేవాడి ముక్కు దగ్గరే తిష్ఠ వేస్తుంది. కళ్లు మండేదీ, గొంతు గరగరలాడేదీ, ఉబ్బసం ఉన్న పిల్లలు గట్టు పట్టుకుని ఎగపోసేదీ దీనివల్లే. ఆరుబయటి పూల్ అయితే గాలి వచ్చి ఊడ్చుకుపోతుంది. మనం ప్రీమియం కాబట్టి చుట్టూ అద్దాలు బిగించి దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాం.

ఒలింపిక్ వీరుడు మైకేల్ ఫెల్ప్స్ 2012లో దాపరికం లేకుండా చెప్పేశాడు, ఈతగాళ్లందరూ పూల్‌లోనే పని కానిచ్చేస్తారని, క్లోరిన్ దాన్ని చంపేస్తుంది కాబట్టి ఫరవాలేదని. చంపదు నాయనా, పెళ్లి చేసుకుంటుంది. మన ముక్కుకి తగిలేది వాళ్ల సంతానం. 2017లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. డైట్ కూల్‌డ్రింకుల్లో వేసే ఒక తీపి పదార్థం ఒంట్లో అరగకుండా మూత్రంలో అలాగే బయటికి వచ్చేస్తుంది. పూల్ నీళ్లలో దాన్ని కొలిచి, సుమారు 8 లక్షల 30 వేల లీటర్ల పూల్‌లో 75 లీటర్ల దాకా మూత్రం ఉందని లెక్క తేల్చారు. మనింటికి వచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లయితే దాదాపు నాలుగు. పాపం కెనడావాళ్లు మర్యాదస్తులని పేరు.

మా పూల్ గోడకి "స్నానం చేసి దిగవలెను" అని బోర్డు ఉంది. నిజానికి ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఒంటి మీది సరుకు చాలావరకు అక్కడే పోతుంది. బోర్డు కింద షవర్ కూడా ఉంది. షవర్ కింద హౌస్‌కీపింగ్ వాళ్ల మాప్ బకెట్ ఉంది. షవర్‌లో నీళ్లు మాత్రం లేవు.

ఇక ఆదివారం నాటి జనరల్ బాడీ మీటింగ్. పూల్ గాలి నాలుగో అంశం. మూడో అంశమైన 'లిఫ్టులో కుక్కలు' గంటన్నర నడిచింది కాబట్టి అప్పటికే సగం మంది సమోసాల దగ్గరున్నారు. పిల్లల డాక్టరు ఒకావిడ లేచి, లోపలికి బయటి గాలి రావాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరగాలి అన్నారు.

"ఫ్యాన్లు ఉన్నాయి కదమ్మా," అన్నారు ట్రెజరర్ గారు.

"ఉన్నాయండీ. ఆఫ్‌లో ఉన్నాయి."

"ఆన్ చేస్తే వెచ్చటి గాలంతా బయటికి పోతుంది. మళ్లీ వేడి చెయ్యాలి. మెయింటెనెన్స్ అడుగుకి పావలా పెంచమంటారా?"

సభలో చీమ చిటుక్కుమంటే ఒట్టు. సి బ్లాక్ పెద్దాయన లేచి, "మేం ఈదనే ఈదం, వాళ్లు పీల్చే గాలికి మేమెందుకు కట్టాలి?" అని అడిగారు. చప్పట్లు. ఇంకొకాయన వాస్తు కోణం తీశారు. ఫ్యాన్లు ఈశాన్యంలో ఉన్నాయట, ఈశాన్యం నుంచి ఏదీ బయటికి పోకూడదట, పోతే అందరి ఇళ్లల్లోంచీ లక్ష్మి కూడా పోతుందట. కరోనాలో మాస్కులు అలవాటయ్యాయి కదా, వేసుకుని ఈదితే పోలా అని ఒక కుర్రాడు. వాడు జోక్ వేశాడనుకున్నా, ప్రెసిడెంట్ గారు నోట్ చేసుకున్నారు. చివరికి కల్చరల్ సెక్రటరీ గారు రూమ్ ఫ్రెషనర్ ప్రతిపాదించారు. అంతే, సభకి ప్రాణం లేచి వచ్చింది. మల్లె వాసనా, గంధం వాసనా అని అరగంట చర్చ. గంధం అంటే గుడిలో ఉన్నట్టుంటుంది, స్విమ్‌సూట్‌తో బాగుండదని అభ్యంతరం. చేతులెత్తి ఓటింగ్. మల్లె గెలిచింది. డాక్టరమ్మ ఎప్పుడు వెళ్లిపోయారో ఎవరూ చూడలేదు. మినిట్స్‌లో "గాలి సమస్య ఏకగ్రీవంగా పరిష్కరించబడినది" అని రాశారు.

గాలి సంగతి అలా తేలింది, నీటికైతే లెక్కాపత్రం ఉంది. పూల్ తలుపుకి వేలాడే రిజిస్టర్ ఒకసారి తిరగేసి చూడండి. పీహెచ్ 7.4, క్లోరిన్ 2. కింద కూడా 7.4, 2. అలా నెలాఖరు దాకా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నింపేసి ఉంది. ఇవాళ ఇంకా 12వ తేదీ. పైగా చుక్కలేస్తే పసుపు రంగు తిరిగే ఆ పాత కిట్‌కి పనిచేసే క్లోరిన్ ఏదో, క్లోరమిన్‌గా మారిపోయింది ఏదో తెలియదు. రెండింటికీ ఒకటే పసుపు. గాలికి రిజిస్టర్‌లో అసలు గడే లేదు. ఘనపు మీటరు గాలిలో ఈ ట్రైక్లోరమిన్ జాతి 0.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే చెప్పింది. వాళ్లకేం, వాళ్లు మెయింటెనెన్స్ కట్టరుగా.

మేం ఈదేది గంట. దగ్గు వస్తే ఇంటికెళ్లి అల్లం టీ తాగుతాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆ లైఫ్‌గార్డ్ కుర్రాడు పొద్దున ఐదున్నరకి లోపలికి వెళితే రాత్రి తొమ్మిదికి బయటికి వస్తాడు. మధ్యలో భోజనం కూడా ఆ గట్టు మీదే. ఏజెన్సీ మనిషి కాబట్టి వాడి ఊపిరితిత్తులు మన ఆస్తుల పట్టికలో లేవు. జలపాతాలు, స్ప్రేలు పెట్టిన ఒక ఇండోర్ పూల్‌లో లైఫ్‌గార్డులకి వరసగా ఊపిరితిత్తులు దెబ్బతింటే, అమెరికాలో 1998లో ఆ జబ్బుకి 'లైఫ్‌గార్డ్ లంగ్' అని పేరే పెట్టారు. మా కుర్రాడి దగ్గుకి మేం పెట్టిన పేరు "సిగరెట్లు తాగుతున్నాడేమో". వాడు తాగడు. అడిగినవాడు లేడు.

పోయిన వారం వాడు ఎమర్జెన్సీ తలుపుకి ఒక ఇటుక అడ్డం పెట్టి కాస్త తెరిచి ఉంచాడు. సీసీ కెమెరాలో దొరికాడు. అనుమతి లేకుండా తలుపు తెరిచి కమ్యూనిటీ విద్యుత్తును వృథా చేసినందుకు ఒక రోజు జీతం కోత. ఊపిరి పీల్చుకున్నందుకు జీతం కోత! సిగ్గుండాలి. ముప్ఫై ఐదు అంతస్తులు కట్టుకుని, క్లబ్ హౌస్‌కి ఇటలీ పాలరాయి పరుచుకుని, కింద పనిచేసేవాడికి గాలి లెక్కగట్టి అమ్మే స్థితికి వచ్చాం. అదే తలుపు పక్కనుంచి రోజూ పిల్లల్ని దింపి వెళ్లే తల్లిదండ్రులు ఒక్కరు, ఒక్కరు కూడా గ్రూపులో నోరు మెదపలేదు. తమ పిల్లలు పీల్చేదీ అదే గాలి అని తెలిసి కూడా. కోచ్ మాత్రం దగ్గే పిల్లల్ని చూసి "స్టామినా లేదు, ఇంకో రెండు ల్యాపులు కొట్టు" అంటాడు.

ట్రెజరర్ గారూ, పావలా కాదు, అర్ధరూపాయి పెంచండి, కడతాం. ఆ కుర్రాడి జీతం వాడికి ఇచ్చెయ్యండి. మల్లె వాసన డబ్బాలు మీ ఇంట్లో వాడుకోండి. ముందు ఆ ఫ్యాన్ల స్విచ్ ఏ గదిలో ఉందో, దాని తాళం ఎవరి దగ్గరుందో గ్రూపులో పెట్టండి.