లోగో ఎడమవైపు మాదే

సేవాసంస్థలు చేతులు కలపాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. కలిపిన చేతులతో ఏం చేయాలన్న దగ్గరే చిన్న చిక్కు. ప్రస్తుతానికి ఫొటో దిగుతున్నాం.

భాగస్వామ్యానికి మొదటి మెట్టు లోగో. పోస్టరు మీద ఎవరిది ఎడమవైపు, ఎవరిది ఎంత సైజు అన్నది తేలకుండా సమాజసేవ మొదలవకూడదు. నేను కూర్చున్న ఒక సమావేశంలో ఈ అంశానికి రెండు గంటలు పట్టింది. అసలు కార్యక్రమం ఏమిటన్నదాన్ని ‘ఇతర అంశాలు’ కింద పెట్టారు. దాని వంతు వచ్చేసరికి హాలు ఖాళీ చేయాల్సిన టైమైంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించేవాళ్లకు వ్యూహమంటే తెలియదు. పేరు ఖాయమైతే చాలు, కొడుకు పుట్టకపోయినా వార్షిక నివేదికలో ఒక పేజీ నిండుతుంది.

తర్వాత అవగాహన ఒప్పందం. అందులో చివరెక్కడో ‘ఇది చట్టరీత్యా ఎవరినీ బంధించదు’ అని ఒక వాక్యం ఉంటుంది. మొత్తం పత్రంలో ఇరుపక్షాలూ తు.చ. తప్పకుండా పాటించేది ఆ ఒక్క వాక్యాన్నే.

2011లో జాన్ కానియా, మార్క్ క్రామర్ అనే ఇద్దరు ‘కలెక్టివ్ ఇంపాక్ట్’ పేరుతో కలిసి పనిచేయడానికి ఐదు షరతులు చెప్పారు. ఉమ్మడి లక్ష్యం, అందరికీ ఒకే కొలమానం, ఒకరి పని ఇంకొకరికి ఆసరా కావడం, ఎడతెగకుండా మాట్లాడుకోవడం, ఇదంతా నడిపించడానికి విడిగా ఒక సంస్థ, దానికి సిబ్బంది. ఎడతెగని మాటల సంగతి మేం ఎప్పుడో సాధించాం, వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్‌లు ఒక్కరోజూ ఆగలేదు. సిబ్బందికి జీతాలివ్వాలట, కాబట్టి ఆ ఐదోది పక్కన పెట్టాం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకే కొలమానం. ఇప్పుడు ఒక పిల్లవాడికి ఒక సంస్థ పుస్తకాలిచ్చి, ఇంకోటి బ్యాగిచ్చి, మూడోది పాఠం చెప్తే లెక్కలో ముగ్గురు లబ్ధిదారులు. కొలమానం ఒకటైతే ఒక్కడే మిగులుతాడు. మిగతా ఇద్దరు పిల్లల గతేం కాను?

మాక్స్ రింగెల్మాన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు మనుషులతో తాడు లాగించి చూసి 1913లో ఆ ఫలితాలు ప్రచురించాడు. జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరూ పెట్టే బలం తగ్గుతూ, ఎనిమిది మంది అయ్యేసరికి తలా దాదాపు సగానికి పడిపోయిందట. దీన్ని భాగస్వామ్యాలకు వ్యతిరేకంగా వాడేవాళ్లున్నారు. నాకైతే అసూయగా ఉంది. ఆ ఎనిమిది మందీ కనీసం తాడును ఒకేవైపు లాగారు.

ఇక మనుషుల్ని చేర్చుకోవడం. ప్రకటనలో ‘తపన ఉన్నవారు కావాలి’ అని రాయాలి. రాయడం, లెక్కలు, డిజైన్, డ్రైవింగ్ అన్నీ రావాలి, ఆదివారాలు ఖాళీగా ఉండాలి. జీతం ‘సంస్థ నియమాల ప్రకారం’. ఎంత అని అడిగారో, తపన పరీక్షలో అక్కడే ఫెయిల్. ఇందులో సంస్థల తప్పేమీ లేదు. ఆఫీసు ఖర్చు తక్కువుండాలని దాతలు అడుగుతారు, సంస్థలు ఇంకా తక్కువ చేసి చూపిస్తాయి, అది చూసి దాతలు మరింత తగ్గించమంటారు. నిపుణులు 2009లోనే దీనికి ‘ఆకలి చక్రం’ అని పేరు పెట్టారు. పేరైతే కుదిరింది. చక్రం తిరుగుతూనే ఉంది.

వలంటీర్లకు జీతాల గొడవ లేదు. ఐక్యరాజ్యసమితి 1985లో డిసెంబర్ 5ను వాళ్ల దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు పిలిచి సర్టిఫికెట్లిస్తాం, పేర్లలో అక్షరాలు తప్పు రాసి. మిగతా రోజుల్లో వాళ్లు మూడు ప్రశ్నలతో చంపుతారు: ఎన్నింటికి రావాలి, ఏం చేయాలి, అక్కడ ఎవరిని అడగాలి. మా దగ్గర దార్శనికత ఉంది, లక్ష్య ప్రకటన ఉంది, పదేళ్ల ప్రణాళిక ఉంది. ఈ ఆదివారం సంగతి ఎవరికి తెలుసు?

మొన్నామధ్య ఒక అమ్మాయి వరుసగా మూడు ఆదివారాలు వచ్చింది. ఏం చేయాలో ఎవరూ చెప్పకపోతే కుర్చీలు సర్ది వెళ్లింది. నాలుగో ఆదివారం రాలేదు. ఆమెను నివేదికలో ‘మా వద్ద నాయకత్వ శిక్షణ పొంది ముందుకు సాగిన యువత’ కింద చేర్చాం. ఇప్పుడు వేరే సంస్థలో చేరి, పని మొత్తం తనే నడిపిస్తోందట. వెంటనే ఆ సంస్థతో భాగస్వామ్యం కుదుర్చుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. లోగో మాత్రం ఎడమవైపు మాదే ఉండాలి.