పాత సినిమాలకు కొత్త తరమే న్యాయనిర్ణేత

‘ఈ కాలం పిల్లలకు పాత సినిమాలు ఎక్కవు’ అన్న మాట సినిమా మీద మమకారం ఉన్న పెద్దల నోట తరచుగా వినిపిస్తుంది. తెర మీద నలుపు తెలుపు బొమ్మ పడగానే ఫోను చేతిలోకి తీసుకునే కుర్రవాణ్ణి చూసి, వాడికి ఓపిక లేదనో రసజ్ఞత లేదనో వెంటనే తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు వెనుక మనం ఎన్నడూ పరీక్షించి చూడని నమ్మకం ఒకటుంది. గొప్ప సినిమాను అది పుట్టిన కాలంలోని ప్రేక్షకులు సరిగ్గా అర్థం చేసుకున్నారని, ఏళ్లు గడిచేకొద్దీ ఆ శక్తి తరిగిపోతూ వచ్చిందని మనం అనుకుంటాం. సినిమా చరిత్రను కాస్త శ్రద్ధగా చదివితే ఈ నమ్మకం నిలబడదు. ఈనాడు క్లాసిక్ అని పిలుచుకుంటున్న చిత్రాల్లో చాలావాటికి ఆ గౌరవం సమకాలికుల చేతుల మీదుగా దక్కలేదు. అవి విడుదలైన రోజులతో ఏ జ్ఞాపకమూ ముడిపడని, ఆ తరవాత పుట్టినవాళ్ల వల్ల దక్కింది.

ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ 1946లో విడుదలైనప్పుడు ఆశించిన వసూళ్లు రాలేదు. 1974లో దాని కాపీరైట్‌ను పొడిగించుకోవలసిన గడువు దాటిపోవడంతో అమెరికాలోని టీవీ స్టేషన్లు ఆ చిత్రాన్ని ఏటా క్రిస్మస్ రోజుల్లో పదే పదే ప్రసారం చేశాయి. దాన్ని ఇంటింటి సినిమాగా మార్చింది అలా టీవీలో చూస్తూ పెరిగిన పిల్లలే. బస్టర్ కీటన్ 1926 నాటి ‘ది జనరల్’ను అప్పటి విమర్శకులు చాలామంది తీసిపారేశారు, అది మూకీ హాస్యానికి శిఖరమన్న అభిప్రాయం దశాబ్దాల తరవాత గానీ స్థిరపడలేదు. ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన ‘సిటిజన్ కేన్’ విమర్శకుల మెప్పు పొందినా డబ్బు రాబట్టలేక మూలన పడి, 1950లలో మళ్లీ వెలుగులోకి వచ్చింది. వీటన్నిటిలోనూ సొంత కాలం పోగొట్టుకున్నదాన్ని వెతికి పట్టుకున్నది తరవాతి కాలమే.

విడుదలైనప్పుడే ఆదరణ పొందిన చిత్రాలకు కూడా రెండో జీవితం ఇచ్చింది యువకులే. 1957లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పక్కనున్న బ్రాటిల్ థియేటర్ 1942 నాటి ‘కాసాబ్లాంకా’ను మళ్లీ వేయడం మొదలుపెడితే, ఆ సినిమా వచ్చేనాటికి పసిపిల్లలైన విద్యార్థులు హాలు నిండా చేరి, తెర మీది మాటలను తామూ గొంతు కలిపి పలికేవారు.

ఇంతకన్నా బలమైన ఉదాహరణ పారిస్‌లో ఉంది. టాకీలు వచ్చాక మూకీ చిత్రాలను పనికిరాని సరుకుగా పారేస్తున్న రోజుల్లో, వాటిని పోగుచేసి దాచడానికి 1936లో సినిమాథెక్ ఫ్రాన్సేజ్ అనే సంస్థను నెలకొల్పినవారిలో ముఖ్యుడైన అన్రీ లాంగ్లువాకు అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. యుద్ధం ముగిశాక ఆయన వేసే ప్రదర్శనలకు క్రమం తప్పకుండా వచ్చి కూర్చున్న కుర్రవాళ్లలో, తరవాత దర్శకులైన జాక్ రివెట్, జాన్ లుక్ గొదార్, ఫ్రాన్స్వా త్రూఫో ఉన్నారు. త్రూఫో 1932లో పుట్టాడు. అంటే అక్కడ అతను చూసిన మూకీల్లో దాదాపు అన్నీ తాను పుట్టకముందు తీసినవే. నేపథ్య సంగీతం కూడా లేకుండా, పూర్తి నిశ్శబ్దంలో వాటిని చూసిన ఆ యువకులు 1959, 1960 నాటికి ప్రపంచ సినిమా వ్యాకరణాన్నే తిరగరాశారు. పాత సినిమా వాళ్లను గతంలో కట్టిపడేయలేదు, కొత్తదాన్ని తీసే ధైర్యం ఇచ్చింది. 1968 ఫిబ్రవరిలో ఫ్రెంచి ప్రభుత్వం లాంగ్లువాను పదవి నుంచి తొలగించినప్పుడు దర్శకులతో పాటు విద్యార్థులూ వీధుల్లోకి వచ్చారు. పాత సినిమాలు దాచే మనిషి కోసం కుర్రకారు పోలీసులకు ఎదురు నిలిచింది. ఏప్రిల్‌లో ఆయన్ను తిరిగి నియమించక తప్పలేదు.

అయితే ఈనాటి యువతరానికి పాత సినిమా దగ్గర ఎదురయ్యే ఇబ్బంది కల్పితమని అనడం లేదు. అది నిజమైనదే, దానికి కొలవదగిన కారణాలూ ఉన్నాయి. 1930 నుంచి 1960 దాకా వచ్చిన హాలీవుడ్ చిత్రాల్లో ఒక్కో షాట్ సగటున 8 నుంచి 11 సెకన్ల పాటు నిలిచేదని, శతాబ్దం చివరికి ఆ సగటు 3 నుంచి 6 సెకన్లకు పడిపోయిందని సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్కగట్టాడు. షాట్ మారినప్పుడల్లా కొత్త సమాచారం అందుతుందని అలవాటుపడిన కన్నుకు, మారకుండా నిలబడిన షాట్‌లో ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. నిజానికి అక్కడ జరుగుతున్నది వేరే చోట జరుగుతుంటుంది, నటుడి భుజాల్లోనో, వెనుక నిలబడ్డవాడి ముఖంలోనో, వెలుతురు పడే తీరులోనో. ఎక్కడ చూడాలో తెలియకపోవడం అలవాటుకు సంబంధించిన లోటు, సామర్థ్యానికి సంబంధించింది కాదు. వెబ్ సిరీస్‌లు గంటల తరబడి ఏకబిగిన చూసే తరానికి ఓపిక లేదని అనడం ఎలాగూ చెల్లదు.

సిడ్నీ లూమెట్ తొలి చిత్రం ‘12 యాంగ్రీ మెన్’ను ఈ కోణంలో చూడవచ్చు. 1957లో వచ్చిన ఈ 96 నిమిషాల చిత్రం మొదట్లో, చివర్లో కొద్ది నిమిషాలు తప్ప దాదాపు పూర్తిగా న్యాయస్థానంలోని ఒకే గదిలో, బల్ల చుట్టూ కూర్చున్న పన్నెండు మంది జ్యూరీ సభ్యుల మధ్య నడుస్తుంది. మొదటి మూడో వంతులో కెమెరా మనుషుల కంటి మట్టానికి పైనుంచి చూస్తుంది. రెండో భాగంలో కంటి మట్టానికి దిగుతుంది. చివరి భాగంలో ఇంకా కిందికి దిగి, పైకప్పు కూడా ఫ్రేములో కనిపించేలా తల ఎత్తి చూస్తుంది. దానితోపాటు లూమెట్ లెన్సుల ఫోకల్ లెంగ్త్‌ను (దూరమైనదాన్ని దగ్గరికి లాగి చూపే గుణాన్ని) కూడా క్రమంగా పెంచుతూ పోవడం వల్ల, గోడలు దగ్గరికి జరిగి గది మనుషులను నొక్కుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా చూసినవాడికి కారణం అంతుపట్టని ఉక్కపోత ఏదో పట్టుకుంటుంది. తెలిసి చూసినవాడికి ఆ గది మరో పాత్రగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ల వ్యక్తికి ఈ ఒక్క విషయం ముందుగా చెప్పి సినిమా వేస్తే చాలు, ‘ఒకే గదిలో మాటలు తప్ప ఏముంది’ అన్న ప్రశ్న దానంతట అదే పక్కకు పోతుంది.

కొన్నిటికి ఆ మాత్రం ముందుమాట కూడా అక్కర్లేదు. కె.వి.రెడ్డి ‘మాయాబజార్’లో సావిత్రి ద్విపాత్రాభినయం లాంటిదే చేస్తుంది, కానీ వేషం ఒక్కటే. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక, సుకుమారి అయిన కన్య శరీరంలో రాక్షసుడు ఉన్నాడన్న సంగతిని నడకతో, భుజాలు విరిచే తీరుతో, చూపులోని పొగరుతో ఆమె చెబుతుంది. మరుక్షణం మళ్లీ సిగ్గులొలికే శశిరేఖ అయిపోతుంది. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు ఆగి ఘంటసాల గొంతు వినిపించే చోట ఆ మార్పు ఎంత చురుగ్గా జరుగుతుందో గమనించండి. 1957 నాటి ఈ నటనకు కాలదోషం పట్టే అవకాశమే లేదు, ఎందుకంటే అందులోని హాస్యం ఆనాటి సంగతుల మీద ఆధారపడింది కాదు, శరీరం మీద ఆధారపడింది.

యువ ప్రేక్షకుల విషయంలో పెద్దలు తరచుగా మరిచిపోయే చిక్కు ఇంకొకటి ఉంది. వాళ్లు మూలం కన్నా ముందు దాని సంతానాన్ని చూస్తారు. ఒకే ఘటనను పలువురు సాక్షులు పరస్పర విరుద్ధంగా చెప్పడమన్న పద్ధతి 1950లో జపాన్ దర్శకుడు కురొసావా ‘రషోమాన్’ చూసినవారికి కొత్త. దాన్ని వాడుకున్న ఎన్నో థ్రిల్లర్లు చూశాక ‘రషోమాన్’ చూసేవారికి అది తెలిసిన పద్ధతే. హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ విడుదల చేస్తూ, సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వవద్దని థియేటర్ల వారిని కోరాడు, ఎందుకంటే కథానాయిక అనుకున్న మనిషి సగం సినిమా కాకుండానే చనిపోతుందని ఎవరూ ఊహించరు. ఆ స్నానాల గది సన్నివేశాన్ని అనుకరణల్లో, పేరడీల్లో ముందే చూసేసిన ఈనాటి యువతికి ఆ దిగ్భ్రాంతి దక్కదు. ఆమె దిగ్భ్రాంతి చెందలేదు కాబట్టి ఆమెకు అభిరుచి లేదనడం అన్యాయం. అయితే ఆమె చూడగలిగేది, 1960 ప్రేక్షకులు భయంలో పడి గమనించలేనిది మరొకటి ఉంది: ఆ భయాన్ని హిచ్‌కాక్ ఏ ముక్కకు ఏ ముక్క అతికించి నిర్మించాడన్నది.

ఇక అసలు విషయం, పాత సినిమా ఈ తరానికి ఏ స్థితిలో అందుతోందన్నది. దీని గురించి మాట్లాడకుండా అభిరుచుల గురించి మాట్లాడటం నాకు నిజాయితీగా అనిపించదు. మూకీ సినిమాల్లో మనుషులు కీలుబొమ్మల్లా గబగబా కదులుతారన్న అభిప్రాయం దాదాపు అందరిలోనూ ఉంది. ఆనాటి నటులు అలా కదలలేదు. చేత్తో తిప్పే కెమెరాలతో సెకనుకు 16, 18 ఫ్రేముల చొప్పున తీసిన చాలా చిత్రాలను, తరవాత వచ్చిన 24 ఫ్రేముల వేగంతో నడిపించడం వల్ల వచ్చిన వికారం అది. 1950లకు ముందు చిత్రాలు చాలావరకు చతురస్రానికి దగ్గరగా ఉండే ఫ్రేములో తీసినవి. వాటిని నేటి వెడల్పాటి తెరకు సరిపెట్టడానికి పైనా కిందా కోసేస్తే తలలు, కాళ్లు తెగిపోతాయి, దర్శకుడు లెక్కవేసి పేర్చిన కూర్పు పాడవుతుంది. గీతలు పడి, మాట సరిగా వినిపించక, బూడిదరంగుకు తిరిగిన ప్రతిని ఫోను తెర మీద చూసినవారు ఆ సినిమా బాగోలేదంటే, వాళ్లు ఆ సినిమాను ఇంకా చూడలేదనే నేను అంటాను.

మంచి ప్రతి ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ చాలు. 1955లో వచ్చిన ఆ చిత్రం, దాని తరవాతి రెండు భాగాలు, వీటి మూల నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయి దెబ్బతిన్నాయి. ఆ శిథిలాల్లో మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోనా నగర నిపుణులు శుభ్రం చేసి, వంకరలు సరిచేసి, పోయిన చోట ఇతర ప్రతులతో పూరించాక 2015లో ఆ మూడు చిత్రాలు మళ్లీ తెరకెక్కాయి. ఫ్రిట్జ్ లాంగ్ 1927 నాటి ‘మెట్రోపోలిస్’లో పోయిందనుకున్న భాగంలో చాలావరకు 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో దొరికింది. అంటే ఆ సినిమా కథను దాదాపు పూర్తిగా చూసే భాగ్యం మన తాతల తరానికి లేదు, ఇప్పటి ఇరవై ఏళ్లవారికి ఉంది. మరోవైపు 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటీ మిగల్లేదు. దాన్ని మెచ్చుకోవాలన్నా, తిరస్కరించాలన్నా ఇక ఎవరికీ వీలు లేదు.

రంగులద్దడం గురించి ఒక్క మాట. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో థియేటర్లకు వచ్చింది. దానివల్ల కొత్త ప్రేక్షకులు వచ్చి ఉంటే సంతోషమే, కానీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలోని వెన్నెలను నలుపు తెలుపుల్లోనే ఆలోచించి వెలిగించాడన్నది మరువరాదు. ఆ పాటను మొదటిసారి చూసేవారికి అసలు రూపంలోనే చూపించమని నా మనవి.

విలువల విషయంలో మాత్రం కొత్త తరం అభ్యంతరాలను నేను పూర్తిగా సమర్థిస్తాను. స్త్రీని చెంపదెబ్బతో దారికి తెచ్చే నాయకుడిని, ఒక జాతినో కులాన్నో నవ్వులపాలు చేసే పాత్రను చూసి ఈనాటి యువతీ యువకులు ముఖం చిట్లిస్తే, ‘ఆ రోజుల్లో అంతే, ఎవరూ పట్టించుకునేవారు కాదు’ అని సర్దిచెప్పడం మనకు అలవాటు. ఆ సర్దుబాటు చాలాసార్లు చారిత్రకంగానే తప్పు. డి.డబ్ల్యు.గ్రిఫిత్ 1915లో తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’, శ్వేతజాతి దురహంకారుల ముఠా అయిన ‘కు క్లక్స్ క్లాన్’ను వీరులుగా చూపించినప్పుడు నల్లజాతీయుల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఆ ఏడాదే దాని ప్రదర్శనలను ఎదిరించింది. పట్టించుకున్నవారు ఉన్నారు, వాళ్ల మాట చెల్లలేదంతే. నైపుణ్యాన్ని గుర్తిస్తూనే దాని వెనుకనున్న అన్యాయాన్ని వేలెత్తి చూపడం కూడా సినిమాను శ్రద్ధగా చూడటంలో భాగమే, బహుశా అందులోకెల్లా కష్టమైన భాగం.

మన ధోరణిలో మార్చుకోవలసింది ప్రధానంగా పాత సినిమాను అప్పగించే తీరు. ‘ఇది నచ్చకపోతే నీకు సినిమా తెలియనట్టే’ అన్న బెదిరింపుతో మొదలైన ప్రదర్శన ఎవరికీ ఆనందం ఇవ్వదు. చూసినవారు నచ్చలేదంటే ఎందుకో అడిగి వినాలి, వాళ్లు చెప్పే కారణంలో మనం ఇన్నేళ్లూ గమనించని లోపం బయటపడితే ఒప్పుకోవాలి. తిరస్కరించే హక్కు లేని చోట మెచ్చుకోలుకు విలువ ఉండదు.

ఆ హక్కును కొత్తవాళ్లకు ఇస్తే మన ఇష్టాలు కొన్ని జాబితాల్లోంచి జారిపోతాయన్న భయం నాకు తెలుసు. 1952 నుంచి పదేళ్లకోసారి ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల చేత వేయిస్తున్న ఓటింగ్‌లో 1962 నుంచి 2002 దాకా ‘సిటిజన్ కేన్’ మొదటి స్థానంలో ఉంది. 2012లో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ దాన్ని తప్పించింది. 2022లో ఓటర్ల సంఖ్యను 1,600కు పైగా పెంచాక, బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ పాతికేళ్లు నిండకముందే తీసిన 1975 నాటి ‘జాన్ డీల్మాన్’ మొదటికి వచ్చింది. ఒక గృహిణి వంటగదిలో చేసే పనులను దీర్ఘమైన షాట్లలో చూపిస్తూ మూడు గంటలకు పైగా సాగే చిత్రమది. ఆ ఫలితాన్ని కొందరు పెద్దలు జీర్ణించుకోలేకపోయారు. ఆనవాయితీ ప్రకారం 2032లో మళ్లీ ఓటింగ్ జరిగితే, ఈనాడు ఇరవైల్లో ఉన్నవారిలో కొందరు ఓటర్లుగా వస్తారు. అప్పటికి వాళ్లు ఏయే పాత చిత్రాలను చూసి ఉంటారన్నది, ఇప్పుడు వాళ్ల ముందు మనం ఎలాంటి ప్రతిని, ఏ మాట చెప్పి పెడుతున్నామన్న దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది.