ఉప్పాడ కోత గురించి తిరుగుతున్న మాటల్లో నిజమెంత?

తుపాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ దగ్గరి ఉప్పాడ బీచ్ రోడ్డు మీద అలలు విరుచుకుపడే వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. కింద ఎప్పుడూ అవే మాటలు: సముద్ర మట్టం పెరిగి ఊరు మునుగుతోంది, ఒడ్డును సముద్రం కోసేయడమంతా తుపాన్ల పనే, పెద్ద రాతి గోడ కడితే సరిపోతుంది. ఇళ్లు పోగొట్టుకున్న ఊరి విషయంలో ఇలా తేల్చేయడం అన్యాయం.

మట్టం పెరుగుతున్న మాట నిజమే. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 నుంచి 2015 వరకు ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. ముందు ముందు ఇది పల్లపు తీరాలన్నిటికీ ముప్పే. కానీ కారణం అదొక్కటే అయితే, ఉప్పాడకు దక్షిణాన అదే సముద్రంలో హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఎలా మేట వేసింది?

నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా ఒడ్డును తాకుతాయి. అల ఇసుకను ఏటవాలుగా పైకి నెడుతుంది, వెనక్కి జారే నీరు తిన్నగా కిందికి లాగుతుంది. అలా ఒక్కో అలకు ఇసుక కాస్త ఉత్తరానికి జరుగుతుంది. చలికాలంలో కొంత వెనక్కి మళ్లినా, ఏడాది మొత్తం మీద నడక ఉత్తరానికే. గోదావరి తెచ్చిన ఇసుక ఇలాగే నడిచి కాకినాడ తీరానికి అడ్డుగా ఆ హోప్ ఐలాండ్ దిబ్బ కట్టింది. దాని చాటున కాకినాడ నిమ్మళంగా ఉంటుంది. చాటు దాటాక ఉన్న ఉప్పాడకు మాత్రం అలలు నేరుగా తగులుతాయి, రావలసిన ఇసుకలో చాలా భాగం దిబ్బ దగ్గరే ఆగిపోతుంది. పైగా నది తెచ్చే ఒండ్రే తగ్గింది. 1970లలో ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నులు వచ్చేది, 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. దానికి ప్రధాన కారణం ఎగువన కట్టిన డ్యాములే.

ఇక తుపాన్లు. తుపాను ఒడ్డు ఇసుకను ఊడ్చి కొంత దూరంలో నీళ్ల అడుగున పోస్తుంది. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దాన్ని మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. కొత్త ఇసుక అందే బీచ్ నెలల్లో కోలుకుంటుంది. అందని చోట పడిన గండి పూడకముందే ఇంకో తుపాను వచ్చేస్తుంది.

గోడ ఉప్పాడకు కొత్తేమీ కాదు. ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో జియోట్యూబ్ గోడ కట్టారు, అది దెబ్బతింది. రాళ్లు పోశారు, మళ్లీ మళ్లీ పోస్తూనే ఉన్నారు. గోడకు కొట్టుకున్న అల వెనక్కి తిరిగేటప్పుడు గోడ పాదం దగ్గరి ఇసుకను తోడేస్తుంది. గోడ ముందర లోతు పెరుగుతుంది, లోతు పెరిగేకొద్దీ ఇంకా పెద్ద అల గోడ దాకా వస్తుంది, చివరికి రాళ్లు కుంగుతాయి. గోడ ముగిసే చోట పక్క ఊరికి కోత మొదలవుతుంది. గోడ వెనకున్న ఇళ్లకు కొన్నాళ్లు రక్షణ దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ వలలు ఆరబెట్టుకునే, పడవలు లాగి పెట్టుకునే ఒడ్డు మిగలదు. మత్స్యకారులకు ఆ ఒడ్డే బతుకు.

విశాఖలో హార్బర్ దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్‌కు పోస్తారు. పుదుచ్చేరిలో 2018లో నీళ్లలో మునిగి ఉండే గట్టు కట్టి, ఇసుక నిలిచేలా చేశారు. ఉప్పాడకు ఏది పనికొస్తుందో తేల్చాలంటే, అక్కడికి ఏటా ఎంత ఇసుక వస్తోందో, ఎంత పోతోందో ముందు కొలవాలి. ఆ లెక్క చూపించకుండా ఇంకో గోడకు టెండర్ పిలిస్తే ఊరివాళ్లు గట్టిగా నిలదీయాలి.